తుపాకీ దించిన కుర్రాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెట్టాలి?

పదహారేళ్ల కుర్రాడు అడవిలోంచి వచ్చి లొంగిపోయాడని పేపర్లో పడితే మన గోదారి జిల్లాల్లో టీ కొట్ల దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. "చిన్నపిల్లాడు పాపం, వాడికేం తెలుసు" అని ఒకరు. "తుపాకీ పట్టినోడు పట్టినోడేనండీ, రేపు మన మీదకి తిప్పడని నమ్మకం ఏంటి?" అని ఇంకొకరు. ఇందులో ఎవరు నెగ్గినా, ఆ కుర్రాణ్ణి బళ్లో చేర్చుకోవాల్సిన హెడ్మాస్టరుగారికి ఒరిగేదేమీ లేదు. ఆయన ఇబ్బందులు వేరు. వయసు పదహారు, చదువు రెండో తరగతి దగ్గర ఆగింది, ఎందులో వేయాలి? సంరక్షకుడి గడిలో సంతకం ఎవరిది? పక్క బెంచీ పిల్లాడి తండ్రి వచ్చి గొడవ పెట్టుకుంటే ఏం చెప్పాలి? అంతర్యుద్ధాలు చూసిన దేశాల అనుభవం చూస్తే, బాల సైనికుల బతుకు బాగుపడ్డమూ పాడవ్వడమూ ఇలాంటి చిన్న చిన్న జవాబుల దగ్గరే తేలిపోయింది. వాళ్లు యుద్ధంలో ఏం చేశారన్నది ఎంత ముఖ్యమో, తిరిగొచ్చాక ఎవరు ఎలా చేర్చుకున్నారన్నదీ అంతే ముఖ్యం. అందుకని సాయం పిల్లాడి చేతికి కాకుండా, చేర్చుకునేవాళ్ల చేతికి వెళ్లాలంటాను.

డెల్టాలో కూర్చుని ఈ గొడవ మనకెందుకు అనేవాళ్లకి ఒక మాట. బస్తరు నుంచి ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. ఆ నీళ్లే ధవళేశ్వరం దగ్గర కాలవల్లోకి మళ్లి మన చేలలోకి వస్తున్నాయి. మనుషులూ ఆ దారినే వస్తున్నారు. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా, ప్రభుత్వ మద్దతుతో సల్వా జుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వేల మంది ఇప్పటి తెలంగాణ, ఆంధ్ర సరిహద్దు అడవుల్లోకి తరలివచ్చారు. 2025 నవంబరులో మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా ఎన్‌కౌంటర్ జరిగిన రోజుల్లోనే విజయవాడ, ఏలూరు, కాకినాడ, కోనసీమ వైపు కూడా మావోయిస్టులు పట్టుబడ్డారని పోలీసులు చెప్పారు. అంటే అడవి ఖాళీ అవుతున్న కొద్దీ అక్కడి కుర్రాళ్లు పని వెతుక్కుంటూ దిగే రేవు మనదే. రొయ్యల చెరువుల దగ్గరా ఇటుక బట్టీల దగ్గరా కొత్త కూలి కుర్రాణ్ణి చూసి "ఏ ఊరు నీది?" అని అడిగితే తప్పించుకునే జవాబు వస్తుంది. ఎందుకో మనం ఆలోచించం.

ఆ బస్తరు అడవుల యుద్ధంలో పిల్లల్ని రెండు వైపులా వాడారు. మావోయిస్టులు ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లని బాల సంఘాల్లో చేర్చి కాపలా, కబుర్లు మోయడం నేర్పేవారు. ఆ తర్వాత సాంస్కృతిక బృందం, సంఘం, మిలీషియా, దళం. ప్రభుత్వం వైపు ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరుతో గిరిజన కుర్రాళ్లని తీసుకున్నారు. ఐదో తరగతి చదివితే ప్రాధాన్యం, నెలకి 3,000 రూపాయల గౌరవ వేతనం. వాళ్లలో పద్ధెనిమిది నిండనివాళ్లు ఉన్నారని మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో, వీళ్లని మావోయిస్టుల మీద పోరుకి వాడటం ఆపమంది. దీన్ని సాయుధ సంఘర్షణ అనకూడదని కేంద్రం మొదట్నుంచీ పట్టుబట్టింది. ఆ పట్టుదల ఎలా ఉన్నా, మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే సాయుధ సంఘర్షణ బాధితులైన పిల్లలు సంరక్షణ అవసరమైనవాళ్లు అని రాసుకుంది. పని జరగడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

బాల సైనికుడు అంటే తుపాకీ పట్టినవాడే అనుకోవడం మొదటి పొరపాటు. 2007లో పారిస్‌లో దేశాలు ఒప్పుకున్న సూత్రాల ప్రకారం వంట చేసినా, బరువులు మోసినా, వేగు పనికి వెళ్లినా, లైంగికంగా వాడుకోబడినా, పద్ధెనిమిది లోపు వాళ్లందరూ ఆ లెక్కలోకే వస్తారు. ఈ నిర్వచనం ఎంత అవసరమో పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్ చూపించింది. అక్కడ 1991 నుంచి 2002 దాకా యుద్ధం సాగింది. 72 వేల మందికి పైగా ఆయుధాలు దించారు, అందులో 6,845 మంది పిల్లలు. ఆ పిల్లల్లో అమ్మాయిలు ఐదు వందల పైచిలుకే. అడవిలో అమ్మాయిలు తక్కువై కాదు. శిబిరం గేటు దగ్గర "తుపాకీ ఏది? విప్పి మళ్లీ బిగించి చూపించు" అన్నారు. రూలు ప్రకారం పిల్లలకి ఈ పరీక్ష అక్కర్లేదు. గేటు దగ్గర నిలబడ్డవాడికి రూలు ఎవరు చెప్పారు? వంటచేసిన పిల్ల దగ్గరా, కమాండర్ "పెళ్లాం" అని పక్కన పెట్టుకున్న పిల్ల దగ్గరా తుపాకీ లేదు. వాళ్లు ఏ జాబితాలోకీ ఎక్కకుండా, చంకలో బిడ్డతో, ఆ కమాండర్ వెనకాలే వెళ్లిపోయారు.

పక్క దేశం లైబీరియాలో తప్పు ఇంకోలా జరిగింది. 2003 డిసెంబరులో మన్రోవియా దగ్గర శిబిరం తెరిచారు. ఆయుధం దించినవాళ్లకి 300 డాలర్లు, రెండు విడతల్లో. శిబిరం పట్టనంత మంది వచ్చిపడ్డారు, గొడవలయ్యాయి, ఆపేసి మళ్లీ 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. ఆఖరికి లక్ష మందికి పైగా నమోదైతే వచ్చిన తుపాకులు 28 వేల చిల్లర. 150 తూటాలు చూపించినా పేరు రాసుకునేవారు. ఇంకేం, కమాండర్లు యుద్ధానికి సంబంధం లేని పిల్లల చేతికి తూటాలిచ్చి లైన్లో నిలబెట్టి, డబ్బు రాగానే వాటా తీసుకున్నారు. పిల్లల చేతికి నగదు ఇస్తే జరిగేది ఇదే: యుద్ధంలో ఎవడి కింద పనిచేశాడో వాడి కిందే శాంతిలోనూ ఉండిపోతాడు.

మన లొంగుబాటు పథకం కూడా పెద్దవాళ్ల కొలతలతో కుట్టిందే. పెద్ద హోదా వాళ్లకి 5 లక్షలు, కిందివాళ్లకి 2.5 లక్షలు, మూడేళ్లపాటు నెలకి 10 వేలు, తెచ్చిన ఆయుధానికి వేరే లెక్క. పెద్దవాళ్లకి సరే. పదిహేనేళ్ల పిల్లకి ఈ లెక్క వర్తింపజేస్తే, ఆమె వంటమనిషిగా ఉంటే విలువ తక్కువ, తుపాకీ తెస్తే ఎక్కువ అని మనమే చెప్పినట్టు. పైగా లొంగుబాటు అనగానే విలేకరుల సమావేశం, వరసలో నిలబెట్టి ఫోటో. పిల్లల విషయంలో ఇది నేరం. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పేరు, ఊరు, బడి, ఫోటో ఏది బయటపెట్టినా ఆర్నెల్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖానికి గుడ్డ కడితే సరిపోతుందనుకుంటారు. ఊరి పేరు, వయసు రాసేశాక గుడ్డ ఎందుకు? ఇద్దరు ముగ్గురే లొంగిన ఊళ్లో ఎవరో అందరికీ తెలిసిపోతుంది, వదిలొచ్చిన దళానికీ తెలిసిపోతుంది.

వరస ఇలా ఉండాలి. పిల్లాడు పోలీసుల దగ్గరికొచ్చిన 24 గంటల్లో, ప్రయాణం కాక, బాలల సంక్షేమ కమిటీ ముందుకి తేవాలి. పెద్దలున్న శిబిరం నుంచి ముందు విడదీయాలి, ముఖ్యంగా తన పాత నాయకుడి కళ్ల ముందు నుంచి. కొన్ని దేశాల్లో దీనికి 48 గంటలు గడువు పెట్టారు. ఆ తర్వాత వయసు. బడి సర్టిఫికెట్టో, పంచాయతీ జనన పత్రమో ఉంటే అదే ప్రమాణం. అడవి పిల్లలకి రెండూ ఉండవు. అప్పుడు మణికట్టు, మోచెయ్యి, తుంటి ఎముకల ఎక్స్‌రే. అందులో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే అంది. పదిహేడా పంతొమ్మిదా తేలనప్పుడు పిల్లాడి వైపు మొగ్గాలి. పదిహేడేళ్లవాణ్ణి పెద్దవాడని జైల్లో పెడితే పోయేది, పంతొమ్మిదేళ్లవాణ్ణి హోములో ఉంచితే పోయేదానికన్నా చాలా ఎక్కువ. అయితే పెద్ద కుర్రాళ్లని చిన్నవాళ్లతో ఒకే గదిలో పడుకోబెట్టకూడదు, ఇది హోము వాళ్లు తరచు మర్చిపోయే సంగతి.

ఈ వయసు లెక్క ఆలస్యమైతే ఏమవుతుందో నేపాల్ చూపించింది. 2006లో అక్కడి మావోయిస్టులతో శాంతి ఒప్పందం అయింది. 1988 మే 25 తర్వాత పుట్టినవాళ్లు మైనర్లని గీత గీశారు. ఐక్యరాజ్యసమితి బృందం 2,973 మందిని మైనర్లుగా తేల్చింది. వాళ్లని బయటికి పంపింది 2010 జనవరిలో! పదహారేళ్లకి లెక్కలోకెక్కిన పిల్ల ఇరవై దగ్గర పడ్డాక బయటికొచ్చింది, అదీ "అనర్హులు" అన్న ముద్రతో. వాళ్లకి బడి, వృత్తి శిక్షణ, చిన్న వ్యాపారం, ఆరోగ్య కార్యకర్త శిక్షణ, ఈ నాలుగింట్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఆ తర్వాత రెండేళ్లకి, యోధులుగా అర్హులని తేలి, స్వచ్ఛందంగా వైదొలిగినవాళ్లకి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు ముట్టాయి. ఒకే గుడారంలో పడుకున్న ఇద్దరిలో, చిన్నతనంలో చేరడమే ఒకరికి శిక్ష అయింది. నాలుగు దార్లూ మంచివే. ముద్ర వేయకుండా, మూడేళ్ల ముందు ఇవ్వాల్సింది.

ఇల్లు వెతకడం ఇంకో పని. దళంలో పెట్టిన పేరు వేరు, ఇంటి పేరు వేరు. జిల్లా, మండలం అడిగితే పిల్లాడు చెప్పలేడు. వారపు సంత ఎక్కడ జరుగుతుంది, అక్కడికి ఎన్ని వాగులు దాటాలి, పండక్కి ఏ ఊరి దేవుడు వస్తాడు, ఇలా అడిగితే ఊరు దొరుకుతుంది. దొరికాక వెంటనే పంపేయకూడదు. ఇన్ఫార్మరని ఒక వైపు, మావోయిస్టని ఇంకో వైపు అనుమానించే ఊరైతే, ముందు మేనమామ ఇల్లో పెత్తల్లి ఇల్లో చూడాలి. బంధువుల ఇంట్లో ఉంచడానికి కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. హోము ఆఖరి దారి.

ఇప్పుడు బడి. సియెరా లియోన్‌లో చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా కనిపించేది ఇదే: మాజీ బాల సైనికుణ్ణి ఫీజు లేకుండా చేర్చుకున్న బడికి, ఆ పిల్లాడికి కాదు బడికే, పుస్తకాలు, సామగ్రి ఇచ్చారు. ఎందుకంటే ఆ తరగతిలో ఇల్లు కాలిపోయిన పిల్లలూ, తండ్రి చచ్చిపోయిన పిల్లలూ కూర్చుని ఉన్నారు. కాల్చినవాడికి కొత్త సంచీ, కాలినవాడికి ఏమీ లేదు అంటే ఆ తరగతి ఒక్క రోజు కూడా నడవదు. బడికి ఇచ్చేసరికి, "వాడు వచ్చాడు కాబట్టి మనకీ పుస్తకాలొచ్చాయి" అయింది. మన దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలోనో, కస్తూర్బా విద్యాలయంలోనో ఇలాంటి పిల్లల్ని పెడితే, ముందు ఆ బడికి మరుగుదొడ్డి తలుపులో, ఆడుకునే సామానో, ఒక అదనపు టీచరో రావాలి. కుర్రాడు ఆ తర్వాత రావాలి. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు.

తరగతి సంగతికొస్తే, పదహారేళ్లవాణ్ణి మూడో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే నెలలో పారిపోతాడు. సియెరా లియోన్‌లో ఆరేళ్ల ప్రాథమిక చదువుని మూడేళ్లలో చెప్పే తరగతులు విడిగా నడిపారు. కాలవకి నీళ్లు ఆలస్యమై సార్వా నారు ముదిరిపోతే మన రైతు దాన్ని పారేయడు. పిలకలు తక్కువ వేస్తుందని తెలిసి, దగ్గర దగ్గరగా, కుదురుకి నాలుగైదు మొక్కలు పెట్టి నాటిస్తాడు. ఆ తరగతులూ అంతే. విద్యాహక్కు చట్టంలో మనకీ వెసులుబాటు ఉంది: పద్నాలుగు లోపు పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో వేసి, మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగు దాటినవాళ్లకి ఓపెన్ స్కూల్ పదో తరగతి దారి. అడ్డు పడేది ఇంకొకటి ఉంది, భాష. ఇంట్లో గోండీయో కోయో, దళంలో కాస్త హిందీ, కాస్త తెలుగు, మన బళ్లో పుస్తకం ఇంగ్లీషు. మొదటి ఆర్నెల్లు ఆ భాష వచ్చిన ఒక మనిషిని, టీచరు కాకపోయినా సరే, తరగతిలో ఉంచకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా.

టీచర్లకి ఉపయోగపడే నాలుగు మాటలు. తలుపు కనిపించేలా గోడ వైపు కూర్చోనివ్వండి, వీపు వెనక జనం ఉంటే పాఠం ఎక్కదు. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేయకండి. దీపావళికి వారం ముందే చెప్పి, ఆ రాత్రి ఎక్కడ ఉంటాడో వాణ్ణే అడగండి. మన ఊళ్లలో పెళ్లికీ, తీర్థానికీ, ఊరేగింపుకీ బాణసంచా కాలుస్తాం కాబట్టి ఇది ఏడాదికొక్కసారి వచ్చే ఇబ్బంది కాదు. క్లాసు లీడర్ని చేసి చేతికి బెత్తం ఇవ్వకండి. బాగా నడిపిస్తాడు, సందేహం లేదు, గొడవంతా అక్కడే. ఎంతమందిని చంపావని ఎవరు అడిగినా, అటెండరు అడిగినా, ఆ మాట అక్కడే ఆపేయండి. వారాల తరబడి నిద్ర లేకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాలి. మిగతావాళ్లలో చాలామందికి రోజూ ఒకే వేళకి అన్నం, ఒకే వేళకి ఆట, మాటకి కట్టుబడే ఒక పెద్దమనిషి ఉంటే చాలావరకు నెమ్మదిస్తారు.

ఇలాంటి పిల్లలు "బతికున్న బాంబులు" అన్న భయానికి ఇక్కడ జవాబు చెప్పాలి. ఉత్తర ఉగాండాలో జోసెఫ్ కోనీ తిరుగుబాటు సైన్యం వేల మంది పిల్లల్ని ఎత్తుకుపోయింది. తిరిగొచ్చినవాళ్లని బ్లాట్‌మన్, అన్నన్ అనే పరిశోధకులు ఎత్తుకుపోబడని తోటివాళ్లతో పోల్చి చూశారు. సగటున ముప్పాతిక ఏడాది చదువు తగ్గింది, సంపాదన మూడో వంతు తగ్గింది. తీవ్రమైన మనోవేదన అందరిలో కాక, ఘోరమైన హింస చూసినవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అంతకన్నా ఆశ్చర్యం, వాళ్లు ఓటు వేయడంలో, ఊళ్లో పెద్దరికం తీసుకోవడంలో తోటివాళ్లకన్నా ముందున్నారు. అంటే ప్రధానంగా పోయింది చదువూ కూలీ. సియెరా లియోన్‌లో 2002 నుంచి థెరిసా బెటన్‌కోర్ట్ బృందం ఏళ్ల తరబడి చూసిన పిల్లల్లోనూ, ఊరు చేర్చుకున్న చోట దిగులు తగ్గింది, వెలివేసిన చోట పెరిగింది. ప్రమాదం లేదనను. పని దొరకని మాజీ యోధుల్ని దగ్గర్లోని లైబీరియా, ఐవరీ కోస్ట్ యుద్ధాలకి మళ్లీ కూలికి తీసుకెళ్లారు. వాళ్లని పట్టుకెళ్లింది కోపం కన్నా ఖాళీ జేబు.

అందుకే వృత్తి శిక్షణ దగ్గర కాసేపు ఆగి ఆలోచించాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఆర్నెల్ల కోర్సులతో వడ్రంగులనీ, దర్జీలనీ, సబ్బు తయారీవాళ్లనీ గుంపులు గుంపులుగా తయారుచేశారు. అంతమందికి ఆ ఊళ్లలో పని లేదు. ఇచ్చిన పనిముట్ల పెట్టె అమ్ముకుని తిన్నారు. డెల్టాలో అయితే ఏరేటర్ల మోటారు వైండింగు, ఫీడు ఆటోల మెకానిజం, ఐసు ప్లాంటు కంప్రెసర్ పని, చెరువు నీటి పరీక్ష లాంటివి ఏడాదంతా కూలి పెట్టే పనులు. వీటికి ఆర్నెల్లు చాలదు, షెడ్డులో మేస్త్రీ కింద రెండేళ్లు కావాలి. ఆ మేస్త్రీకి నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలి, లేకపోతే టీ తేవడానికే వాడుకుంటాడు.

ఒద్దనవలసిన పనులూ చెప్పాలి. చెరువు గట్టు మీద పాకలో రాత్రి కాపలా, అందరికీ మొదట తోచే ఉద్యోగం ఇదే, "అడవిలో ఉన్నాడు కదా, భయం ఉండదు" అంటారు. చీకట్లో టార్చి పట్టుకుని ఒంటరిగా కూర్చోబెట్టడమంటే మళ్లీ సెంట్రీ డ్యూటీకి పంపడమే. పద్ధెనిమిది లోపువాళ్లకి రాత్రి 7 నుంచి పొద్దున్న 8 దాకా పని చట్టం కూడా ఒప్పుకోదు. బాణసంచా తయారీ అసలే కూడదు. ఛత్తీస్‌గఢ్‌లో లొంగినవాళ్లని మావోయిస్టులతో పోరాడే జిల్లా రిజర్వ్ గార్డు అనే పోలీసు దళంలో చేర్చుకుని అడవిలోకి తిప్పి పంపడం మామూలైపోయింది. పిల్లప్పుడే తుపాకీ పట్టినవాళ్లకి పద్ధెనిమిది నిండగానే ఆ దారి చూపించడాన్ని పునరావాసం అని రాసుకోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

అమ్మాయిలకి శిక్షణ అంటే పక్కనే బిడ్డని ఉంచే చోటు ఉండాలి, లేకపోతే పది రోజులకి మానేస్తారు. బిడ్డ జనన పత్రంలో తండ్రి పేరు లేదని తిప్పి పంపుతుంటారు. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది, ఆ తీర్పు నకలు ఒకటి వెంట పెట్టుకెళ్లడం మంచిది.

శిక్షల సంగతి. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకున్నందుకు కాంగో నాయకుడు లుబాంగాకి అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2012లో 14 ఏళ్లు వేసింది. కష్టమైన కేసు డొమినిక్ ఆంగ్వెన్‌ది: చిన్నప్పుడు బడికి వెళ్తుంటే కోనీ సైన్యం ఎత్తుకుపోతే, పెద్దయ్యాక కమాండరై అవే నేరాలు చేశాడు. 2021లో 25 ఏళ్ల శిక్ష పడింది, బాల్యాన్ని లెక్కలోకి తీసుకునే అంతతో సరిపెట్టారు. నాకది సబబుగానే తోస్తుంది. మన జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్‌లో పిల్లల్ని చేర్చుకున్న సాయుధ ముఠాలకి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. పిల్లాడి మీద పెట్టే కేసుల కట్టలో ఈ సెక్షన్ కింద వాణ్ణి తీసుకెళ్లినవాడి మీద ఒక్క కాగితమైనా ఉందా అని లాయరు అడగాలి.

ఇక అందరూ చివరికి వదిలేసే పని, నిజానికి మొదలుపెట్టాల్సిన పని, కాగితాలు. పద్ధెనిమిది నిండిన రోజున హోము గేటు తెరుచుకుంటుంది. చట్టం ఇరవై ఒకటి దాకా ఆసరా ఇవ్వమంటుంది, అడిగేవాళ్లుంటేనే. కనీసం ఏడాది ముందే ఆధార్, బ్యాంకు ఖాతా, పదో తరగతి రిజిస్ట్రేషను చేతిలో ఉండాలి. కుల ధ్రువీకరణ దగ్గర మాత్రం ఎవరు వెళ్లినా తల గోడకి తగులుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ అయిన మురియా పిల్లాడు గోదావరి ఇవతల గొత్తికోయ అవుతాడు, ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు, ఎందుకంటే ఆ జాబితా రాష్ట్రానికొకటి. సర్టిఫికెట్ లేకపోతే గిరిజన హాస్టల్లో సీటుకీ, స్కాలర్‌షిప్పుకీ, ఐటీఐలో రిజర్వేషనుకీ దారి మూసుకుపోతుంది. తండ్రి ఊరు దొరికితే అక్కడి తహసీల్దారు ఇచ్చిన సర్టిఫికెట్ తెప్పించాలి. దొరకకపోతే బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు పెట్టి సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి దరఖాస్తు చేసి, హాస్టలు సీటు వరకైనా ప్రత్యేకంగా అడగాలి. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి.